నెల్లూరులో ఏ డిక్షనరీ కొనాలి: ‘ప్రెసిపిటస్’ అనే ఒక్క మాటతో పరీక్షించి రాసిన రివ్యూ

డిగ్రీ చదివే పిల్లలు, బ్యాంకు పరీక్షలకీ గ్రూప్స్‌కీ తయారయ్యే వాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఏ ఇంగ్లీష్ డిక్షనరీ కొనమంటారని నన్ను అడుగుతూనే ఉంటారు. సాయంత్రం పూట ఇంగ్లీష్ చెప్పే వాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే కన్నా వివరంగా రాసి పెడితే మంచిదనిపించింది. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొనండి. అంత డబ్బు పెట్టలేని వాళ్లు ఫోన్‌లో ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ వెబ్‌సైట్ వాడుకోండి, అది ఉచితం. తెలుగు మాట కావాలంటే ఆంధ్రభారతి నిఘంటు శోధన అనే వెబ్‌సైట్. ఈ రెండూ ఉంటే చాలు. ట్రంకు రోడ్డు మీద, బస్టాండు దగ్గర జేబులో పట్టేంత సైజులో అమ్మే ఇంగ్లీష్-తెలుగు పాకెట్ డిక్షనరీలు మాత్రం దయచేసి కొనొద్దు.

డిక్షనరీ కొనేటప్పుడు అట్ట మీద ఎన్ని వేల మాటలున్నాయని వేశారో చూసి మోసపోకండి, ఆ అంకె అందరూ పెద్ద అక్షరాలతోనే వేస్తారు. కొంచెం చిక్కైన మాట ఒకటి మనసులో పెట్టుకుని షాపుకి వెళ్లి, కౌంటర్ దగ్గరే నిలబడి, అది తెరిచి చదివి అప్పుడు నిర్ణయించుకోవాలి. నేను వాడే మాట ‘ప్రెసిపిటస్’ (precipitous). దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, ఇది ఒక పక్క నిటారుగా ఉండే కొండకి వాడతారు, ఇంకో పక్క ముందూ వెనకా చూడకుండా చేసే పనికి వాడతారు, ఈ రెండింటికీ మధ్య ధరలూ అంకెలూ ఒక్కసారిగా పడిపోవడానికి కూడా వాడతారు. పైగా దీని పక్కనే ప్రెసిపిటేట్, ప్రెసిపిటేషన్, ప్రెసిపిస్ అని ఒకే పోలికతో ఉన్న మాటలు వరసగా ఉంటాయి. ఇంగ్లీష్ పేపర్ల సంపాదకీయాల్లో వస్తుంది, బ్యాంకు పరీక్షల పాసేజీల్లో వస్తుంది. ఇలాంటి మాటని సరిగ్గా చెప్పిన డిక్షనరీ మిగతా మాటల్ని కూడా చాలావరకు సరిగ్గానే చెబుతుంది.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్‌లో ఈ మాట దగ్గర ఏముందో చూడండి. మూడు అర్థాలకి మూడు నంబర్లు వేసి విడివిడిగా ఇచ్చారు. మొదటిది బాగా నిటారుగా, ఎత్తుగా, చాలాసార్లు ప్రమాదకరంగా ఉండేది అని. రెండోది ఉన్నట్టుండి జరిగిన పెద్ద మార్పు, అంటే పతనం లాంటిది. మూడోది చాలా త్వరగా, తగినంత ఆలోచనా జాగ్రత్తా లేకుండా చేసింది అని. ప్రతి అర్థం పక్కనా ఆ మాట ఎలాంటి మాటలతో కలిసి వస్తుందో ఉదాహరణ ఉంటుంది. ‘త్వరగా’ అని చెప్పి ఊరుకోకుండా ‘తగినంత ఆలోచన లేకుండా’ అని కూడా చేర్చారు చూశారా, నేను ఈ డిక్షనరీకి డబ్బు పెట్టమనేది ఆ చేర్పు కోసమే. అది లేకపోతే పిల్లవాడు మునిగిపోతాడు.

ఎలా మునుగుతాడో చెబుతాను. నా దగ్గర చదువుకునే ఒకబ్బాయి, చాలా కష్టపడే పిల్లవాడు, స్కాలర్‌షిప్ విషయంలో ఒక ఆఫీసుకి ఇంగ్లీషులో అర్జీ రాసి చూపించాడు. చివర్లో, దయచేసి నా అర్జీ మీద ప్రెసిపిటస్ చర్య తీసుకోండి అని ఉంది. త్వరగా చేయండి సార్ అనడం అతని ఉద్దేశం. ఆ అధికారి చదివితే అర్థమయ్యేది మాత్రం, అయ్యా, ఏమీ ఆలోచించకుండా తొందరపడి ఏదో ఒకటి చేసేయండి అని. ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే జేబులోంచి పాకెట్ డిక్షనరీ తీశాడు. అందులో ఈ మాటకి ఎదురుగా రెండే తెలుగు మాటలు, ‘నిటారైన, త్వరితమైన’. అంతే. ఏది ఎప్పుడు వాడాలో లేదు, ఉదాహరణ లేదు, ఆ త్వరలో నింద ఉందన్న సంగతి అసలే లేదు. పిల్లవాడి తప్పేమీ లేదిక్కడ. పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మాడు, కష్టపడి గుర్తు పెట్టుకున్నాడు, సమయం వచ్చినప్పుడు ధైర్యంగా వాడాడు. ఇలా నమ్మి చదివే పిల్లల చేతిలో అలాంటి పుస్తకం పెట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

తెలుగులో మనకి ఈ తేడా పుట్టుకతోనే తెలుసు. ‘త్వరగా రా’ అంటే మామూలు మాట, ‘హుటాహుటిన వెళ్లాడు’ అంటే ఒక రకంగా మెచ్చుకోలు కూడా, ‘తొందరపడ్డాడు’ అంటే అప్పుడు నింద వచ్చేస్తుంది. తొందరపాటు, దుడుకుతనం, ఆదరాబాదరా, ముందూ వెనకా చూడకుండా, ఇవన్నీ ఈ మూడో అర్థానికి దగ్గరి మాటలు. త్వరితమైన, శీఘ్రమైన అన్నవి కావు. నేను క్లాసులో చెప్పేటప్పుడు మంచి పనికి ఈ మాట వాడొద్దని ఒక్క ముక్క చెబుతాను. అంబులెన్స్ త్వరగా వచ్చింది, మంచిదే కదా, దానికి వాడకూడదు. సంబంధం గురించి నాలుగు చోట్ల విచారించకుండా ముహూర్తం పెట్టేశారు, దానికి వాడొచ్చు.

ఇక మొదటి అర్థానికి మన జిల్లాలో ఉదయగిరి కన్నా మంచి ఉదాహరణ దొరకదు. దుర్గం మూడు వేల అడుగుల పైన ఎత్తు, కొండ పక్కలు కొన్ని చోట్ల గోడ నిలబెట్టినట్టు నిట్టనిలువుగా ఉంటాయి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతుల్లోంచి ఈ కోటని తీసుకోవడానికి దాదాపు ఏడాదిన్నర ముట్టడి వేయాల్సి వచ్చింది, 1514లో గానీ లొంగలేదు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాసిన దాని ప్రకారం కోటకి ఉన్న దారి మనుషులు ఒకరి వెనక ఒకరు మాత్రమే నడవగలిగేంత ఇరుకు, రాయలు పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి దారులు వేయించాడు. ఈ కథ చెబితే పిల్లలకి మాట రెండు వైపులా ఒకేసారి పట్టుబడుతుంది. కొండ ప్రెసిపిటస్, కానీ రాయలు చేసింది ప్రెసిపిటస్ దాడి కాదు, ఓపిగ్గా దారులు వేసుకుంటూ వెళ్లాడు. ఒక్క కొండ మీద రెండు అర్థాలూ అయిపోతాయి. మామూలు ఏటవాలుకి మాత్రం ఈ మాట వాడకండి. నరసింహకొండ ఎక్కే రోడ్డు వాలుగా ఉంటుంది, అంతే. దానికి ‘స్టీప్’ అంటే సరిపోతుంది. ప్రెసిపిటస్ అంటే అంచున నిలబడి కిందకి చూస్తే కాళ్లు వణికే చోటు.

రెండో అర్థం నెల్లూరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, రొయ్యల చెరువులు ఉన్న వాళ్లంతా 2025లో చూశారు. అమెరికా మన సరుకు మీద సుంకాలు పెంచుతూ వచ్చి ఆగస్టు చివరికి 50 శాతం చేసింది, మనం పెంచే వన్నామీ రకం రొయ్యకి అదే పెద్ద మార్కెట్ కాబట్టి ఇక్కడ ధర జారింది. ఇంగ్లీష్ పేపర్లలో అలాంటి పతనానికి రాసే మాట ఇదే. మన తెలుగు పేపర్లయితే ‘కుప్పకూలింది’, ‘ఢమాల్’, ‘నిలువునా పడిపోయింది’ అని వేస్తాయి. ఆ ‘నిలువునా’ అన్న మాట ఉందే, అది అచ్చంగా దీనికి సరిపోయే తెలుగు. గ్రాఫ్ గీస్తే గీత నిలువుగా కిందకి దిగుతుంది, కొండ అంచు కూడా నిలువుగానే ఉంటుంది, అందుకే ఇంగ్లీషులో కొండకి వాడే మాట ధరకి అంటుకుంది. అదే సమయంలో కొంతమంది రైతులు ఇంకా పడిపోతుందేమోనన్న టెన్షన్‌లో, రొయ్య తగిన సైజుకి (కౌంట్‌కి) రాకముందే పట్టుబడి చేసేసుకున్నారు. ఆ నిర్ణయానికి మూడో అర్థం వస్తుంది. రైతుని తప్పు పట్టడానికి ఈ ఉదాహరణ చెప్పడం లేదు, మేత బాకీలూ కరెంటు బిల్లూ మెడ మీద ఉన్నవాడికి ఆలోచించే వ్యవధి ఎక్కడిది. ధర పతనానికీ ఆ కంగారుకీ ఒకే మాట ఎలా పనికొస్తుందో చూపించడానికి చెబుతున్నాను. ప్రకాశం వైపు పిల్లలైతే పొగాకు వేలం ధరలు పెట్టి చెప్పుకుంటే ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు కొంచెం చిక్కు విషయం. తొందరపాటు అర్థంలో ప్రెసిపిటస్ వాడటం సరైనదేనా అని పరీక్షలకి చదివే పిల్లలు అడుగుతారు, వ్యాకరణ పుస్తకాల్లో కొన్ని అది తప్పంటాయి కాబట్టి. జాగ్రత్తగా రాసే ఇంగ్లీష్ వాళ్లు చాలామంది నిటారుకి ప్రెసిపిటస్, తొందరపాటుకి ప్రెసిపిటేట్ అని విడదీసి వాడతారు. కానీ తొందరపాటు అర్థంలో ప్రెసిపిటస్ కూడా 17వ శతాబ్దం నుంచీ వాడుకలో ఉంది, పెద్ద డిక్షనరీలన్నీ దాన్ని చేర్చుకున్నాయి. కాబట్టి చదివేటప్పుడు ఎదురైతే తప్పనుకోకండి, మీరు రాసేటప్పుడు మాత్రం తొందరపాటుకి ప్రెసిపిటేట్ వాడండి, అంతకన్నా మంచిది ‘హేస్టీ’ అని తేలికైన మాట రాయండి, ఎవరూ మార్కు తగ్గించరు. ఆక్స్‌ఫర్డ్‌లో రెండు మాటలూ పక్కపక్కనే విడిగా ఉంటాయి, ప్రెసిపిటేట్ క్రియగా ఉన్నప్పుడు ఒక అర్థం (ఒక చెడు పరిణామాన్ని ఉన్నట్టుండి, రావాల్సిన దానికన్నా ముందే తెచ్చిపెట్టడం), విశేషణంగా ఉన్నప్పుడు ఇంకో అర్థం అని తేడా చూపిస్తుంది. వెబ్‌సైట్‌లో స్పీకర్ బొమ్మ నొక్కితే పలికి కూడా వినిపిస్తుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే మనవాళ్లు మొదటి అక్షరం మీద బరువు పెట్టి ‘ప్రె’ అని లాగుతారు, నిజానికి బరువు రెండో అక్షరం ‘సి’ మీద పడాలి. ప్రెసిపిటేట్ క్రియగా అయితే చివర ‘టేట్’ అని పూర్తిగా పలుకుతారు, విశేషణంగా అయితే చివర తేలిపోయి ‘టట్’ లాగా వినిపిస్తుంది. పాకెట్ డిక్షనరీ ఈ సంగతి చెప్పదు, చెప్పడానికి అంత చోటు కూడా దాంట్లో ఉండదు.

ఈ మాట పుట్టుక తెలిస్తే మిగతా చుట్టాలన్నీ వాటంతట అవే గుర్తుంటాయి. లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘కాపుట్’ అంటే తల, రెండూ కలిసి ‘ప్రేసెప్స్’, అంటే తల ముందుగా పడటం. కొండ అంచు నుంచి తలకిందులుగా పడే చోటు ప్రెసిపిస్. తలకిందులుగా పడ్డట్టు ఆలోచన లేకుండా పనిలోకి దూకేది ప్రెసిపిటేట్ నిర్ణయం. ఆకాశం నుంచి నీరు కిందపడితే ప్రెసిపిటేషన్, మన జాగ్రఫీ పుస్తకాల్లో అవపాతం. ద్రావణంలోంచి గట్టి పదార్థం విడిపోయి అడుగున పడితే ప్రెసిపిటేట్, అంటే పదో తరగతి కెమిస్ట్రీలో అందరం చదివిన అవక్షేపం, బేరియం క్లోరైడ్‌లో సోడియం సల్ఫేట్ పోస్తే తెల్లగా దిగే బేరియం సల్ఫేట్. కొండ, వాన, కెమిస్ట్రీ, తొందరపాటు, నాలుగింటిలోనూ ఉన్నది పడటమే.

మన దగ్గర కూడా ఇలాంటి కుటుంబం ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన ‘పాతం’ తీసుకోండి. జలపాతం, వర్షపాతం, హిమపాతం, ఉల్కాపాతం, కొండ అంచుకి ప్రపాతం, అన్నింట్లోనూ పడటమే. తెలుగులో ‘తొందరపడు’, ‘వేగిరపడు’, ‘ఆత్రపడు’, వీటి చివర ఉన్నదీ పడటమే, దాన్నుంచి వచ్చిందే ‘తొందరపాటు’లో పాటు. ‘పడు’ని మనం భయపడు, సిగ్గుపడు అని ఎన్నింటికో చేరుస్తాం కాబట్టి లాటిన్ వాళ్లూ మనమూ ఒకే ఆలోచన చేశామని నేను అనను. గుర్తు పెట్టుకోవడానికి మాత్రం ఇంతకన్నా మంచి తాడు దొరకదు. ఇది చెప్పిన రోజు క్లాసులో పిల్లల ముఖాలు వెలుగుతాయి, ఇంగ్లీష్ మాట పరాయిది అన్న భయం కొంచెం తగ్గుతుంది.

ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఉంది కదా, డిక్షనరీ ఎందుకు అనే వాళ్లకి ఒక మాట. నేను వాడి చూసిన ఒక యాప్‌లో ప్రెసిపిటేట్ ఒక్కటే టైప్ చేస్తే అవక్షేపం అని ఇచ్చింది, ప్రెసిపిటేట్ డెసిషన్ అని ఇస్తే అవక్షేప నిర్ణయం అంది. రేపు బాగుపడొచ్చు, పెద్ద వాక్యం ఇస్తే ఇప్పుడు కూడా కొంత మెరుగ్గానే చెబుతుంది. అయినా యాప్ మీకు ఒక జవాబు ఇస్తుంది గానీ ఎన్ని జవాబులున్నాయో చూపించదు. నేర్చుకునే వాడికి కావాల్సింది ఆ రెండోదే.

ఆంధ్రభారతి విషయానికి వస్తే, తెలుగు వాళ్లకి దొరికిన గొప్ప ఉచిత సేవల్లో అదొకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఒక్క పెట్టెలో మాట టైప్ చేస్తే బ్రౌన్, శంకరనారాయణ లాంటి ఇంగ్లీష్-తెలుగు నిఘంటువులు, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఇలా ఎన్నో ఒకేసారి వెతికి పెడుతుంది. ఇవన్నీ పుస్తకాలుగా కొనాలంటే ఒక అల్మారా, చాలా డబ్బు కావాలి, కొన్ని ఎంత డబ్బు పెట్టినా దొరకవు. నేను దీన్ని తిరగేసి కూడా వాడతాను. ఇంగ్లీష్ మాట కాకుండా ‘దుడుకు’, ‘వేగిరపాటు’, ‘ప్రపాతము’ అని తెలుగు మాటలు కొట్టి బ్రౌన్ వాటికి ఏ ఇంగ్లీష్ మాటలు ఇచ్చాడో చూడమంటాను, పిల్లలకి అదొక సరదా. ఒక్క జాగ్రత్త చెప్పాలి. బ్రౌన్ 1850లలో అచ్చు వేయించిన నిఘంటువు అది, శబ్దరత్నాకరం 1885 నాటిది, వాటిలో ఉన్నది ఆనాటి తెలుగు. అర్థం పట్టుకోవడానికి అవి బంగారం, కానీ అందులో కనపడిన మాటని యథాతథంగా తీసి ఇవాళ్టి అనువాద పరీక్షలో రాస్తే చదివేవాళ్లకి అందకపోవచ్చు. అందుకే అర్థాలెన్నో, వాడకం ఎలాగో ఆక్స్‌ఫర్డ్‌లో చూసుకుని, తర్వాత తెలుగు మాట కోసం ఇక్కడికి రావాలి. ఈ వరస తిరగబడితే మళ్లీ పాకెట్ డిక్షనరీ పద్ధతిలోకే పోతాం.

ఆక్స్‌ఫర్డ్‌లో లోటు లేదా అంటే ఉంది. మొదటిది, తెలుగు ఒక్క ముక్క ఉండదు, కాబట్టి ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన వాళ్లకి మొదటి నెల కష్టంగా ఉంటుంది. ఓపిక పట్టండి, ఎందుకంటే వివరణలు దాదాపు 3,000 తేలికైన మాటలకి లోబడే రాస్తారు, ఆ మాటలు ఒంటబడితే ఇక మిగతా పుస్తకమంతా తెరుచుకుంటుంది. దీన్ని మొదలుపెట్టిన హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు చెప్పిన మనిషి, మొదట 1942లో అక్కడే అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. అంటే ఇంగ్లీష్ ఇంటి భాష కాని వాళ్ల కోసమే పుట్టిన పుస్తకం, ఆ సంగతి ప్రతి పేజీలో తెలుస్తుంది. రెండోది బరువు, బ్యాగులో పెట్టుకుని ఆటోలో కాలేజీకి మోసుకెళ్లేది కాదు, అక్షరాలు కూడా చిన్నవి, నలభై దాటిన వాళ్లకి కళ్లజోడు తప్పదు. మూడోది ధర, పాకెట్ డిక్షనరీల పక్కన పెడితే చాలా ఎక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒక్కటి చాలు, లేదా స్నేహితులు కలిసి కొనుక్కోండి. మాట పుట్టుక కావాలంటే మాత్రం వెబ్‌సైట్‌కి వెళ్లండి, అక్కడ చాలా మాటలకి మూలం ఇస్తున్నారు.

కొత్త ఎడిషనే కావాలని పట్టుబట్టకండి. పదో ఎడిషన్ 2020లో వచ్చింది, కానీ ప్రెసిపిటస్ లాంటి మాటలు ఎడిషన్ ఎడిషన్‌కీ మారిపోవు, ఏడో ఎనిమిదో ఎడిషన్ పాతది దొరికినా నిశ్చింతగా తీసుకోండి. చూడాల్సింది ఇంకొకటి. పాత పుస్తకాల్లో పలచటి కాగితం కాబట్టి కుట్టు ఊడి మధ్యలో పేజీల కట్టలు జారిపోతుంటాయి, పుస్తకం మూసి ఉంటే తెలియదు. డబ్బులు ఇచ్చే ముందు ప్రతి అక్షరం మొదలూ చివరా తిరగేసి పేజీ నంబర్లు వరసలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంగ్లీషులో ఎస్, సీ, పీ అక్షరాలతో మొదలయ్యే మాటలే ఎక్కువ, అవే ఎక్కువ నలుగుతాయి కాబట్టి ఆ భాగాలు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ చూడండి. తెచ్చుకోగానే బైండింగ్ షాపులో గట్టి అట్ట వేయించండి, పిల్లలు చదువు ముగించే దాకా ఉంటుంది.